వల ముందు నిలిచిన పిల్ల

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మాట. అనకాపల్లి బెల్లం బజారు వెనక సందులో జియావుద్దీన్‌కి రేకుల పని కొట్టు ఉండేది. బెల్లం వండే పెనాలకు అతుకులు వెయ్యడం, బక్కెట్లకు అడుగులు మార్చడం అతని పని. చేతిలో ఎంత పని ఉన్నా సాయంత్రమయ్యేసరికి సుత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఆడపిల్లల హైస్కూలు కంచె దగ్గరకు వెళ్లి నిలబడేవాడు. లోపల అతని కూతురు ఖమర్జహాన్ నెట్‌బాల్ ఆడుతూ ఉండేది.

ఆ ఆట బాస్కెట్‌బాల్‌కి చెల్లెలు లాంటిది. స్తంభం మీద ఇనుప చక్రం, దానికి వేలాడే వల; వెనక పలక ఉండదు. బంతితో పరిగెత్తకూడదు. ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లి, వల ముందు నిలబడి గురి చూసి వెయ్యాలి. అలా గురి చూసి వేసే బాధ్యత ఖమర్‌ది.

"ఎదిగిన పిల్లను మైదానంలోకి పంపుతావేమిటి?" అని బంధువులు అడిగితే జియావుద్దీన్ నవ్వేవాడు. "సూస్తూ ఉండండి, నా కూతురు విశాఖపట్నం వెళ్లి కప్పు తెత్తాది" అనేవాడు. ఆ రోజుల్లో అటువంటి తండ్రులు అరుదు. ఊళ్లో చదువుకున్నవాళ్లు అతన్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పుకు అతను తగినవాడే. అయితే చదువరులారా, మంచి మనసుతో ఎత్తిన బరువైనా పసి భుజాల మీద పెడితే బరువే అవుతుంది.

అంతకుముందు ఏడాది జిల్లా పోటీల్లో ఖమర్ జట్టు ఆఖరి ఆట దాకా వెళ్లింది. ఆ ఆటలో ఆమె వేసిన బంతులు ఒకదాని వెనక ఒకటి చక్రానికి తగిలి బయటపడ్డాయి. జట్టు ఓడిపోయింది. జియావుద్దీన్ కూతుర్ని ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడనే లేదు. బస్సులో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు. బజారులో బెల్లం బండి తోలే పోతన్న వేళాకోళం ఒకటి. "ఏటి మామా, కప్పు ఏదీ? బస్సులో మర్సిపోయేరా?" ఆ మాటకు తండ్రి తల దించుకోవడం, అప్పుడే అతనికి మంచినీళ్లు తెచ్చిన ఖమర్ చూసింది.

ఈ ఏడాది జట్టును ఎంచడానికి మగపిల్లల బడి నుంచి డ్రిల్లు మాస్టారు త్రినాధరావుగారు వచ్చారు. అనుభవం ఉన్న మనిషి, తొందర మనిషి.

"ఈ అమ్మాయి సాధనలో పులి, పోటీలో పిల్లి. ఆట మీద శ్రద్ధ లేదు, గుండె ధైర్యం లేదు. తీసెయ్యండి" అన్నారాయన.

కొత్తగా వచ్చిన ఆటల టీచరు మరిడమ్మ ఆ మాటకు ఒప్పుకోలేదు. ఆమె పూడిమడకలో చేపలు పట్టేవాళ్ల ఇంటి బిడ్డ. మద్రాసులో వ్యాయామ విద్య చదువుకుని వచ్చింది.

"మాస్టారూ, చేతికి ఇన్నేళ్లు నేర్పేం. మనసుకి ఏం నేర్పేం? పేర్లు పంపడానికి ఇంకా గడువుంది. ఈలోగా నన్ను చూడనివ్వండి" అంది.

మరిడమ్మ ముందు చెప్పడం మాని చూడడం మొదలుపెట్టింది. తోటి పిల్లలతో నవ్వుతూ ఆడేటప్పుడు ఖమర్ బంతి తప్పడం అరుదు. కంచె దగ్గర తండ్రి కనబడగానే ఆమె భుజాలు బిగుసుకునేవి. బంతి వెయ్యబోతూ ఒక్కసారి కంచె వైపు చూసేది. వేశాక, అది వలలో పడిందో లేదో చూడకముందే మళ్లీ కంచె వైపే చూసేది.

ఒక మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలకు వెళ్లాక మరిడమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎందుకు ఆడతన్నావమ్మా?"

"గెలవడానికండి."

"గెలిస్తే?"

"అబ్బాజాన్ సంతోషిస్తారు."

"ఓడితే?"

ఖమర్ పక్కనున్న గడ్డిపరక పీకింది. "బజార్లో తల దించుకుంటారు టీచర్" అంది. కళ్లు తుడుచుకుంది.

"అదంతా పక్కన పెట్టు. మొట్టమొదట ఈ బంతి పట్టుకున్నప్పుడు నీకేం నచ్చింది?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆలోచించి, కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. "బంతి చక్రానికి తగలకుండా వల్లోంచి జారితే ఒక చప్పుడొస్తుంది కదండీ, సర్‌ర్ మని. అది."

మరిడమ్మకు కావలసింది దొరికింది. పిల్లకు ఆట మీద ఇష్టం చావలేదు. దాని మీద భయం పేరుకుంది, అంతే.

ఆ రోజు నుంచి ఇద్దరూ కొత్త సాధన మొదలుపెట్టారు. బంతి లేకుండా కళ్లు మూసుకుని కూర్చోవడం, అది చేతిలోంచి లేచి వల్లోంచి జారడం మనసులో చూడడం, ఆ చప్పుడు వినడం. వేసే ముందు నిండుగా ఊపిరి పీల్చి నెమ్మదిగా వదలడం. గురి తప్పితే అరచేతులు దులుపుకుని, తప్పిన బంతిని అక్కడే వదిలెయ్యడం.

"భయమేస్తే ఏం చెయ్యాలి టీచర్?"

"మా ఊళ్లో కొత్తగా తెప్ప ఎక్కినోడికి కెరటం చూస్తే భయమే. భయపడకని ఎవరూ అనరు. తెడ్డు మీద చూపుంచమంటారు. భయం ఉంటే ఉండనీ. నీ చూపు మాత్రం చక్రం మీద ఉండాలి."

ఖమర్ ఆట కుదుటపడసాగింది. తండ్రి కంచె దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం భుజాలు ఇంకా బిగుసుకుంటూనే ఉన్నాయి. సగం వైద్యం ఇంటి దగ్గర జరగాలని మరిడమ్మకు అర్థమైంది. ఒక ఆదివారం జియావుద్దీన్ ఇంటికి వెళ్లింది. అతను కుర్చీ తుడిచి వేశాడు. భార్య దిల్షాద్ బేగం టీ తెచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మీరు పిల్లనేమీ అనరు, నాకు తెలుసు. ఓడొచ్చిన రోజున ఏమన్నారు?" అని అడిగింది మరిడమ్మ.

"ఒక్క మాట అన్లేదమ్మా, అల్లా సాక్షి! అంటే బాధపడతాదని నోరు మూసుకున్నాను."

దిల్షాద్ బేగం మెల్లగా అందుకుంది. "ఆ మూసుకోడమే దానికి దెబ్బ. పోటీ అంటే చాలు, ముందురోజు నించే పిల్ల అన్నం ముట్టదు. మీరు కొట్టు మీద కప్పు మాట ఎత్తిన ప్రతిసారీ లోపల ముడుచుకు కూర్చుంటాది. మీరు అంత ఆశగా ఉంటే నేనెలా చెప్పను?"

జియావుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. మొహం ఎర్రబడింది. కోపమొచ్చిందేమోనని మరిడమ్మ అనుకుంది. అతను మాత్రం కూతుర్ని పిలిచాడు.

"ఖమర్, నువ్వు ఆడేది నాకోసమా?"

ఆమె తలవంచుకుంది. ఆ వంచిన తల మీద ఎంత బరువుందో అతనికి అప్పుడు తెలిసింది. బంధువుల మీద పంతం, బజారులో గొప్ప, చిన్నప్పుడు తనకు దక్కని బడి, అన్నీ కలిపి ఈ పిల్ల చేతిలో బంతిగా పెట్టానని గ్రహించాడు.

"పోటీకి నన్ను రమ్మంటావా, వద్దంటావా? ఏదైనా సరే, నాకు కోపం రాదు."

ఖమర్ టీచరు వైపు చూసి, తర్వాత తండ్రి వైపు చూసింది. "రండి అబ్బాజాన్. కానీ నా మొహం కాదు, ఆట చూడండి."

త్రినాధరావుగారు గొణుగుతూనే ఆమె పేరు ఉంచారు. విశాఖపట్నంలో జిల్లా పోటీల సెమీఫైనల్ ఆట. ఖమర్ వేసిన మొదటి బంతి చక్రం అంచుకు తగిలి బయటపడింది. గట్టున కూర్చున్న జియావుద్దీన్ పిడికిళ్లు బిగించాడు. వెంటనే గుర్తొచ్చి వదిలేశాడు. ఖమర్ అరచేతులు దులుపుకుంది. గట్టు వైపు చూడలేదు. రెండో బంతి వల్లోంచి జారింది. ఆ తర్వాత ఆమె ఆడిన తీరు చూసి త్రినాధరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

అయినా అనకాపల్లి ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. అవతలి జట్టు బలమైనది.

తిరుగుబస్సు సబ్బవరంలో ఆగినప్పుడు జియావుద్దీన్ దిగి వేడి బజ్జీల పొట్లం తెచ్చాడు. ఇవ్వడానికి ఒక్క క్షణం జంకాడు. ఖమర్ చేయి చాపి తీసుకుని గబగబా తినసాగింది. నోటినిండా బజ్జీ ఉండగానే ఆట సంగతులు చెప్పింది. అవతలి జట్టులో పొడుగాటి పిల్ల ఎలా అడ్డుపడింది, తానెలా తప్పించుకుంది, వచ్చే ఏడాది ఏం చెయ్యాలి. అనకాపల్లి వచ్చేదాకా ఆ మాటలు ఆగలేదు. తండ్రి మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ విన్నాడు. ఇన్నాళ్లూ రోజూ చూసిన ఆటలో ఇంత సంగతి ఉందని అతనికి తెలియనే తెలియదు.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి తల్లిదండ్రులు చాలామంది వచ్చారు. మాట్లాడమంటే త్రినాధరావుగారు ముందు లేచారు. "నేనొక పిల్లను పిరికిదన్నాను. కారణం వెతికే ఓపిక లేక అన్న మాట అది" అని క్లుప్తంగా చెప్పి కూర్చున్నారు. తర్వాత మరిడమ్మ లేచింది.

"అయ్యా, అమ్మా! పిల్లలకు పాలు పోస్తాం, పుస్తకాలు కొంటాం, బళ్లో వేస్తాం. వాళ్ల మనసులో ఏముందో మాత్రం అడగం. గెలిస్తే భుజాన ఎక్కించుకుంటాం, ఓడితే మొహం తిప్పుకుంటాం. అప్పుడు మన ప్రేమ కూడా గెలుచుకోవలసిన కప్పేనని వాళ్లు అనుకుంటారు. ఆటయినా చదువైనా పిల్లకు ఇష్టంగా మొదలవుతుంది. దాన్ని మన పరువుకి ముడేసిన రోజున భయంగా మారుతుంది. ఓడొచ్చిన బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టి కబుర్లు వినండి. గెలిచినా ఓడినా ఇంట్లో తన చోటు తనకుందని తెలిసిన బిడ్డకే లోకం ముందు నిలబడే ధైర్యం వస్తుంది."