గాలి మిషన్‌కు తొడుగు

ఆదిమూలానికి గాలి మీద ఏనాడూ ఫిర్యాదు లేదు. నగరిలో ముందు గదిలో నాలుగు మరమగ్గాలు పెట్టుకుని, వెనక రెండు గదుల్లో కాపురం చేస్తూ ముప్పయ్యెనిమిదేళ్లుగా ఆ ఇంటి గాలే పీలుస్తున్నాడు. నూలు నుసి అన్నంలో పడితే తీసి పక్కన పెట్టి తినేవాడు. దగ్గొస్తే దగ్గేవాడు.

ఫిర్యాదంతా కోడలు కోమలిది. రెండేళ్ల మనవరాలు రూపశ్రీకి ఆయాసమొచ్చి మూడుసార్లు తిరుపతి ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. మూడోసారి డాక్టరు, "ముందు మీ ఇంట్లో దుమ్మెంతుందో చూసుకోండమ్మా" అన్నాడు. కోమలి అరచేతిలో పట్టే తెల్లటి మిషన్ ఒకటి తెప్పించింది. ప్లగ్గుకు తగిలిస్తే గాలిలో నుసి ఎంతుందో అంకె చూపిస్తుంది. యాభై లోపుంటే పచ్చదీపం, నూరు దాటితే ఎర్రదీపం. దాన్ని పాప పడుకునే మంచం పక్కన తగిలించి, పాపను చంకనేసుకుని పుత్తూరులో పుట్టింటికి బయల్దేరింది.

"మామా, పొద్దునా సాయంత్రం అంకె ఫోటో తీసి పంపండి. వారమంతా యాభై లోపలుంటే ఆదివారం పాపను ఎత్తుకొచ్చేస్తా. లేకుంటే ఆ మగ్గాలన్నా ఈడ ఉండాల, పాపన్నా ఉండాల," అంది గడప దగ్గర.

నాయుడుపేట ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఫోనులో "కోమలి చెప్పినట్టు చెయ్యి నాయనా" అనేసి తప్పుకున్నాడు.

మొదటిరోజు సాయంత్రం అంకె నూట అరవై. ఎర్రదీపం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి ఆదిమూలం. "కొత్త మిషను గదమ్మే. కొత్త మగ్గమైనా నాలుగు దినాలు సతాయిస్తాది," అన్నాడు పెళ్లాం మునిరత్నమ్మతో. ఫోటో పంపలేదు. ఫోనులో ఛార్జింగ్ లేదని కోడలికి చెప్పాడు.

మునిరత్నమ్మ మిషన్ వైపు జాలిగా చూసింది. "పాపం, దాని మింద దుమ్ము పడతా ఉండాది," అంది.

నేసేవాళ్ల ఇంట్లో విలువైన వస్తువేదీ బట్ట లేకుండా ఉండదు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, గోడ గడియారానికి సైతం కుచ్చుల తొడుగు. అన్నీ మగ్గం మీద మిగిలిన ముక్కలతో మునిరత్నమ్మ కుట్టినవే. మర్నాటికల్లా గాలి మిషన్‌కూ రెండు పొరల నూలు తొడుగు తయారైంది. అంకె కనపడేచోట చిన్న కిటికీ కత్తిరించి, అంచుకు ఎర్రదారంతో గొలుసుకుట్టు కూడా వేసింది. గాలి లోపలికి పోవడానికి మిషన్ పక్కభాగంలో ఉన్న చిల్లులు శుభ్రంగా కప్పుకుపోయాయి.

సాయంత్రానికి అంకె పదకొండు. పచ్చదీపం.

అంకె బాగా కనపడాలని ఫోను దగ్గరగా పట్టి ఫోటో తీసి పంపాడు ఆదిమూలం. మర్నాడు తొమ్మిది. ఆ మర్నాడు పన్నెండు. "సంతోషం మామా" అని జవాబొచ్చింది. ఇక ఆయన్ను పట్టడానికి లేదు. "మా ఇంట్లో గాలి తొమ్మిది! తలకోన అడివిలో గూడా గాలి ఇంత బాగుండదు," అని పక్కింటి మునిచంద్రతో గొప్పలు పోయాడు. మునిచంద్ర వచ్చి మంచం మీద కూర్చుని నాలుగుసార్లు గట్టిగా పీల్చి, "నిజమేనబ్బా, తేడా తెలస్తా ఉండాది," అని దగ్గుకుంటూ పోయాడు.

శుక్రవారం ఆదిమూలం పాలకోవా తెచ్చి డబ్బాలో దాచాడు. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. నాలుగు మగ్గాలు ఆడుతున్నా ఆ వారమంతా ఇల్లు బోసిగానే ఉంది.

శనివారం మునిరత్నమ్మ తొడుగులు ఉతికే రోజు. అన్నిటితో పాటు దీన్నీ ఉతికి దండెం మీద వేసింది. మధ్యాహ్నం ఆదిమూలం చూసేసరికి అంకె రెండు వందల పది.

"ఏం చేస్తివమ్మే దీన్ని?"

"ఏమీ చెయ్యలా. తొడుగు ఉతికినా. ఎండినాక ఏస్తా, నీ అంకె నీకు వచ్చేస్తాది."

ఆరిన తొడుగు వేశాక, అన్నట్టే వచ్చేసింది. పదకొండు. ఆదిమూలం తొడుగు తీశాడు. రెండు వందలు దాటింది. మళ్లీ వేశాడు. పన్నెండు. మగ్గం చెడితే మోత వినే చెప్పేసే మనిషికి ఇది అర్థం కావడానికి అయిదు రోజులు పట్టింది.

మిషన్ ఊడబీకి ముందు గదిలోకి పోయాడు. మునిరత్నమ్మ రోజూ కూర్చుని కండెలకు నూలు చుట్టే రాట్నం పక్కన తగిలించాడు. అంకె ఆరు వందల నలభై దగ్గర నిలబడింది. ఆమె కనుబొమల మీద తెల్లగా నుసి. చుడుతూనే దగ్గుతోంది. ఇన్నేళ్లూ ఆ దగ్గును మగ్గాల మోతతో కలిపే విన్నాడు ఆదిమూలం. ఇప్పుడు విడిగా వినపడి భయమేసింది.

"ఎంత సూపిస్తా ఉండాది?" అని అడిగింది.

"బాగుండాదిలే," అన్నాడు.

మిషన్‌ను మళ్లీ మంచం పక్కన తగిలించాడు. తొడుగు చేతిలోనే ఉంది. వేసి ఫోటో తీస్తే రేపీపాటికి పాప ఇంట్లో ఉంటుంది. తొడుగును మంచం మీద పడేశాడు. అది వెయ్యకుండానే ఫోటో తీసి పంపాడు.

రెండు నిమిషాల్లో కోమలి ఫోను.

"ఇదేంది మామా, రెండు వందలు?"

"అదేనమ్మా నిజం. ముందరివన్నీ తొడుగేసి తీసినవి," అని జరిగిందంతా చెప్పాడు. కోమలి ఏదో అనేలోపే ఆదిమూలమే మళ్లీ అందుకున్నాడు. "రేపు పాపను తీసుకురావద్దు. ఇంకోమాట. మీ అత్తను పొద్దున రైలుకు పంపిస్తా. పాప అవ్వ కోసం ఏడస్తా ఉండాదని నువ్వే ఫోను చేసి పిలువు. నేను పొమ్మంటే పోదు. ఆడ్నే పెట్టుకో."

"మరి మీరు?"

"మగ్గాల మింద పడుగు ఉండాది గదమ్మా. అది అయిపోతానే వచ్చేస్తా."

కోమలిదీ నేసేవాళ్ల ఇల్లే. మగ్గానికి ఎక్కించిన పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవస్తుంటే వాటి కొసలకే కొత్త పడుగు పోగు పోగూ అతుకుతారు. అందుకే ఏ ఇంట్లోనూ పడుగు అయిపోవడమంటూ ఉండదు. కోమలి నాయన కూడా ఇదే మాట చెబుతూ, దగ్గుతూ పోయాడు. ఆయన పోయాకే పుత్తూరు ఇంట్లో మగ్గాలు తీసేశారు.

"ఈసారి అతకొద్దు మామా," అంది కోమలి.