స్లాబు నాటి ఉపాసం

నా పెనిమిటి ఎడ్వర్డ్ తుర్కపల్లి ల్యాబుల కంప్యూటర్ ముంగట కూసుండి కొలువు జేస్తడు. ఇంట్ల సిలిండర్ జరపమంటెనే నడుం వట్టుకుంటడు. గసుంటి మనిషి, మా మచ్చ బొల్లారం చర్చికి స్లాబు వోసిన శుక్రవారం, పొద్దుగూకేదాంక కాంక్రీటు తట్టలు మోసిండు. ఈస్టర్ ముంగటి శ్రమల దినాలాయె, ఉపాసమున్నడు, గుటికెడు నీళ్లు సుత ముట్టలే. పాస్టరయ్య లుంగీ ఎగ్గట్టి మోసిండు. పన్నెండు మంది మగోళ్లు, అందరు ఉపాసమే. నేను మస్తు మురిసిన, దాపెట్టుడెందుకు.

శనివారం మంచం దిగలే. తొడలు బండ లెక్క బిగుసుకున్నయ్. "అలవాటు లేని పెయ్యి, గంతే" అని నొప్పుల గోలీలిచ్చిన. ఆదివారం బాత్రూంల కెల్లి పిలిచిండు.

"రోజీ, జర గిది సూడు."

డికాక్షన్ రంగుల మూత్రం! పచ్చకామెర్లే అని నాకు నేనే డాక్టర్నయి, సూరారంల పసరు వోసే అవ్వ దగ్గరికి తీస్కవోయిన. రెండు దినాలు పసరు, సప్పిడి బువ్వ. సోమవారం పొద్దుగూకేసరికి మూత్రమే బందయింది, మొకం ఉబ్బింది.

మంగళవారం దవాఖానల డాక్టరమ్మ రక్తం రిపోర్టు సూసింది. "కామెర్లు కాదమ్మా. కండలు చితికిపోయాయి. వాటిలో ఉండేదంతా రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీసింది."

"ఏంది మేడం, తట్టలు మోస్తె కిడ్నీలు వోతయా? కూలోళ్లు మోస్తలేరా?" అని మీదికి లేసిన.

"వాళ్లకు అలవాటు. పైగా నీళ్లు తాగుతారు. రంగు మారిన రోజే వస్తే సెలైన్‌తోనే నయమయ్యేదేమో. ఇప్పుడు డయాలసిస్ పెట్టాలి. కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయో లేదో చెప్పలేను."

వద్దు వద్దంటుంటె ముక్కు మూసి పసరు తాగించింది నేనే. థూ, నా బతుకు!

"ఆయనతో ఇంకెవరైనా మోశారా?" అన్నది డాక్టరమ్మ.

పాస్టరయ్యకు ఫోన్ గొట్టిన. అవుతల చర్చిల ప్రార్థన నడుస్తాంది.

"అయ్యగారు, ఆపుండ్రి! స్లాబు మోసినోళ్లల్ల ఎవలకన్న మూత్రం నల్లగ వస్తాందా అడుగుండ్రి."

బయటికి వచ్చినట్టున్నడు, ప్రార్థన సప్పుడు తగ్గింది. ఇగ గొంతు తగ్గించి అన్నడు: "రోజమ్మా... నాకే వస్తాంది. శనివారం సంది. ఉపాసంల పైత్యం జేసిందనుకున్న. ఎడ్వర్డ్ కోసమే ప్రార్థన వెట్టినం, గిది అయినంక..."

"అయినంక లేదు, గియినంక లేదు! ఆయనకు డయాలసిస్ మిషన్ వెడుతున్నరు. ఆమెన్ అనకముందే ఆటో ఎక్కు నువ్వు!" అని దవాఖాన దద్దరిల్లెటట్టు ఒర్రిన. అయ్యగారిని నువ్వు అన్ననని తర్వాత సోయికొచ్చింది.