పూత కొట్టంలో దయ్యం

"తాగుబోతు నా కొడకా! లెయ్, బయటికి నడువు!"

కంట్రాక్టరు సుందరరాజు కాలితో తోస్తే రాజారత్నం కొట్టం గడప మీద బోర్లా పడ్డాడు. చెయ్యి వణికి, పాదరసంలో కలిపిన బంగారు ముద్ద నేలపాలు చేశాడు. అదీ నేరం. పద్దెనిమిదేళ్లుగా గుడి కలశాలకు పూత పూసిన చెయ్యి అది. కల్లు ముంత ఏనాడూ పట్టలేదని తిరుపతిలో ఆ వీధంతా ఎరుగును.

అది 1946 ఎండాకాలం. కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ అలివేలమ్మ అంతా చూసింది. పడినవాడు లేవలేదు. ఎదుటి గోడ వంక బెదురుగా చూస్తూ, "ఎవురప్పా ఆడ నిలబడుకోనుండేది?" అన్నాడు.

గోడ దగ్గర ఎవరూ లేరు.

ఆమె చేతిలో తిత్తి ఆగిపోయింది. రెండు నెలల కిందట ఆమె మొగుడు చెంగల్రాయుడు ఇదే మాట అడిగి అడిగి చచ్చిపోయాడు. అతనూ పూత పనివాడే. పళ్లు ఊడాయి. గిన్నె పట్టుకుంటే గంజి ఒలికిపోయేది. సొంత పెళ్లాన్ని చూసి మూలకు జరిగి దాక్కునేవాడు. "దయ్యం పట్టింది" అని సుందరరాజే భూతవైద్యుణ్ణి పంపించాడు.

వారం నుంచి ఆమె వీపు వెనక కూడా ఎవరో నిలబడినట్టే ఉంది. మొగుడే తిరుగుతున్నాడనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కూటి వేళ, రాజారత్నం కాక మిగిలిన పన్నెండు మంది పనివాళ్లూ కొట్టం వెనక చేరారు.

"ఒగే దయ్యం ఇద్దురికి పడతాదా?" అంది అలివేలమ్మ. "నాకూ పట్టిండాది. ఇంకెవురికి పట్టిండాదో సెప్పండి."

ముసలి కుప్పయ్య పెదవి పైకెత్తి చూపాడు. చిగుళ్లు నల్లగా వాచి నెత్తురు కారుతున్నాయి. పక్కవాడు చూపాడు. ఆ పక్కవాడు. మొత్తం తొమ్మిది నోళ్లు.

"ముద్ద పూసి నిప్పుల మీద కాలిస్తే బంగారం రాగికి నిలుస్తాది," కుప్పయ్య మెల్లగా అన్నాడు. "పాదరసం యాడికి పోతాది? పొగై పోతాది. బంగారం దొంగిలిస్తామని కిటికీలన్నీ మూయించినాడు కదా ఆ కంట్రాక్టరు. ఆ పొగంతా మన లోపలికే."

"దేవుడి పనబ్బా ఇది," మునస్వామి అడ్డం వచ్చాడు. "ఇడిసిపెడితే బిడ్డలకేం పెడతావు?"

"కిటికీలు మూయమని దేవుడు సెప్పినాడా?" అంది అలివేలమ్మ. "నా మొగుణ్ణి ఏపమండలతో కొడతా ఉంటే, కదలకుండా కాళ్లు పట్టుకునింది నేనే మునస్వామీ!"

మునస్వామి వణికే తన రెండు చేతులూ ముందుకు చాచి చూపాడు.

మర్నాడు కొలిమి వెలగలేదు. కప్పు తెరిచి పొగగొట్టం పెట్టాలి, రాజారత్నానికి వైద్యం చేయించాలి. అంతవరకు నిప్పు ముట్టించేది లేదని వాకిట్లో బైఠాయించారు.

"ఏం దయ్యం పట్టిందిరా మీకు?" సుందరరాజు కేకలేశాడు.

"దయ్యం పోయింది సామీ," అంది అలివేలమ్మ. "అందుకే కూసోనుండాము."

సాయంత్రానికి పోలీసులు దిగారు. ఎగదోసింది ఎవరని జమేదారు అడిగాడు. పన్నెండు మందీ లేచి నిలబడ్డారు. సుందరరాజు అలివేలమ్మ వైపు వేలు చూపించాడు. ఆమెకు సంకెళ్లు వేసి నడిపించారు.

వీధి మలుపులో వెనకనుంచి పెద్ద చప్పుడు. జమేదారు ఉలిక్కిపడి తిరిగాడు. మునస్వామి గడ్డపారతో కొట్టం కప్పు మీద నిలబడి ఉన్నాడు. ఒక రేకు ఊడి కిందపడింది. పక్క వీధి ఇత్తడి పాత్రల పనివాళ్లు సుత్తులతోనే బయటికి వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

"నడువు!" జమేదారు గొలుసు లాగాడు.

ఆమె నడిచింది. స్టేషను గడప దాకా ఒక్కొక్క రేకూ పడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.