మర దగ్గర ఇద్దరు

ఆ ఇంట్లో టీ కన్నా ముందు సువిశేషం. మామగారు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరులో ఆ రోజు పఠనం ఏదో చూసుకుని, బైబిలు తెరిచి, గొంతు సవరించుకుని చదివేవాడు. చిన్నకొడుకూ, ఇద్దరు కోడళ్ళూ బల్ల చుట్టూ కూచుని వినేవాళ్ళు. పెద్దకొడుకు లారీ వేసుకుని ఎప్పుడూ ఊళ్ళు పట్టి తిరుగుతుంటాడు కాబట్టి అతని కుర్చీ ఖాళీ. చదవడం అయ్యాక అందరూ కలిసి క్రీస్తుకు స్తుతి చెబితేగానీ టీ గిన్నె మీద మూత తీసేవాళ్ళు కాదు.

అలా చదివింది మర్నాడు తెల్లారేలోగా ఆ ఇంట్లో జరిగేది. పెద్దగా ఏం కాదు, ఇంటికి సరిపడా. తుఫానుని గద్దించిన పాఠం నాడు వంటింటి కప్పు కారుతుంటే మామగారు "ఇంక చాలు" అన్నాడు. వాన ఆ ఒక్క కప్పు మీద ఆగి, పక్కింటి మీద కురుస్తూనే ఉంది. పోయిన నాణెం పాఠం నాడు పెద్దకోడలి చెవిదిద్దు చీపురుకు తగిలింది. ఒక పాఠంలో రెండు సంగతులుంటే ముందు ఏది కుదిరితే అదొక్కటే జరుగుతుంది. నాణెంతో పాటు తప్పిపోయిన గొర్రె కూడా అదే పాఠంలో ఉంది కానీ, దిద్దు ముందు దొరికిపోవడంతో పక్కింటావిడ పిల్లి ఇప్పటికీ ఇల్లు చేరలేదు. ఆవిడకు ఆ కోపం అలాగే ఉంది. అయినా బట్టలారేసే ముందు గోడ మీంచి "ఇవాళేం పాఠం?" అని అడగడం మాత్రం మానదు.

ఇల్లు సర్దుకోవాలి కదా అని పెద్దకోడలు రేపటి పాఠం ముందే చూసుకునేది. ఆ గురువారం సాయంత్రం కూడా చూసింది. చూసి అక్కడే కూలబడింది.

ప్రభువు వచ్చే రోజు గురించిన మాటలవి. ఆ రాత్రి ఒకే పడక మీద ఇద్దరుంటే ఒకరిని తీసుకుపోతారు, ఒకరిని వదిలేస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పిండి విసురుతుంటే ఒకామెను తీసుకుపోతారు, ఒకామెను వదిలేస్తారు.

వాళ్ళకు వీధి చివర పిండిమర ఉంది. దాన్ని నడిపేది ఇద్దరు కోడళ్ళే.

ఇద్దరిలో ఎవరు అన్న సందేహం పెద్దకోడలికి రాలేదు. చిన్నకోడలు ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకునేది. ఏమైందని అడిగితే బెల్టు తగిలిందనేది. తగిలింది బెల్టే, కానీ మర బెల్టు కాదు. కిందటివారం గొంతు మీద వేళ్ళ గుర్తులు కనిపించాయి. చిన్నకొడుకు గది తలుపు మూసుకున్నాక మామగారు రేడియో పెంచేవాడు. పెద్దకోడలు తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. ఆమెకూ మరిదంటే భయమే, దాచుకునేదేముంది.

"రేపటి పాఠం దాటేద్దాం మామయ్యగారూ," అంది.

"ఏ రోజుది ఆ రోజు చదవాలమ్మా. నచ్చిన ముక్క ఏరుకోడానికి ఇదేమన్నా కూరా?"

"చిన్నది చచ్చిపోతుంది."

ఆయన రేడియో వైపు తిరిగి కూచున్నాడు.

మర మూసేద్దామా అనుకుంది. మూస్తే జరగడానికి పడక సంగతి ఒక్కటే మిగులుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జరిగేదేదో మర దగ్గరే జరగనీ, పట్టపగలు, తను పక్కనుండగా. పడక దగ్గర ఎవరుంటారు ఆ పిల్లకు? ఆలోచిస్తుంటే ఆమెకు కంటిమీద కునుకు రాలేదు.

శుక్రవారం పొద్దున మామగారు చదివాడు. అందరూ స్తుతి చెప్పారు. చిన్నకొడుకు టీలో చక్కెర కలుపుకుంటూ పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు.

మర దగ్గర పెద్దకోడలి ప్రాణం గుప్పిట్లో ఉంది. చిన్నదాన్ని బెల్టు దగ్గరికి రానివ్వలేదు, తొట్టిలో చెయ్యి పెట్టనివ్వలేదు. సంచి పట్టుకుని ఎవరు లోపలికి వచ్చినా ఉలిక్కిపడింది.

"నాకూ తెలుసక్కా," అంది చిన్నకోడలు, గోధుమలు జల్లెడ పడుతూ. "జరిగితే రాత్రి పడక దగ్గరే అనుకున్నాను. దుప్పట్లు ఉతికి ఆరేసి వచ్చాను. నలుగురూ వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా."

పెద్దకోడలు ఆమె చేతిలో జల్లెడ లాక్కుని తనే పట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పిండి తీసుకుని పోయారు. ఏమీ జరగలేదు. ఎండ గడప దాటి వీధిలోకి జారింది. ఇంకాసేపట్లో మామగారు తాళం వేయడానికి వస్తాడు, చిన్నకొడుకు పెళ్ళాన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తాడు. ఆ తర్వాత పడక.

అప్పుడు ఆడపిల్లల హాస్టలు నడిపే కాన్వెంటు సిస్టర్ల వ్యాను వచ్చి ఆగింది.

"మీరు సోమవారం కదా సిస్టర్ వచ్చేది?" అంది పెద్దకోడలు.

"ఏమోనమ్మా, నిన్న నిండుగా ఉన్న పిండి డబ్బా ఇవాళ చూస్తే అడుగు కనిపిస్తోంది," అంది పెద్ద సిస్టరు.

బస్తా వ్యానులోకి ఎక్కిస్తూ పెద్దకోడలు ఆగిపోయింది. తీసుకుపోతారని ఉంది గానీ, ఎవరు తీసుకుపోతారో లేదు. చావే వస్తుందని తనే అనుకుని పొద్దుట్నుంచీ గుమ్మం వైపు చూస్తూ కూచుంది.

మోటారు ఆపలేదు. విసురుతుండగానే కదా జరగాలి. చిన్నకోడలి చెయ్యి పట్టుకుని వ్యాను దగ్గరికి లాక్కొచ్చింది.

"సిస్టర్, ఈ పిల్లను కూడా తీసుకెళ్ళండి. ఎవరొచ్చి అడిగినా పంపకండి."

సిస్టరు చిన్నకోడలి గొంతు వైపు చూసింది. ఇంకేమీ అడక్కుండా ముందు తలుపు తీసింది.

"నేను పోతే నీమీద పడతాడక్కా."

"ఒకరు మిగలాలి కదా, చదివాం. ఎక్కు."

చిన్నకోడలు పట్టిన చెయ్యి వదల్లేదు. పెద్దకోడలే వేలు వేలు విడదీసి, తలుపు వేసింది. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్ళి తొట్టిలో గోధుమలు పోసింది. గింజలు సగం బయటే పడ్డాయి.

చిన్నకొడుకు వచ్చేసరికి ఆమె ఒక్కతే ఉంది.

"ఏదీ అది?"

"తీసుకుపోయారు."

"ఎవరు?"

ఆమె తొట్టిలో ఇంకో చేట గోధుమలు పోసింది. అతను మోటారు ఆపేశాడు. గోడకు వేలాడుతున్న పాత బెల్టు తీసి, చేతికి ఒక చుట్టు చుట్టుకుని, ముందుకు వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా మామగారి వీపు కనిపించింది. కొడుకు భుజం దాకా కూడా రాడు ఆ ముసలాయన. తాళంకప్ప ఇంకా చేతిలోనే ఉంది.

"ఒకామెను తీసుకుపోయారు," అన్నాడు కొడుకుతో. "రెండో ఆమెను వదిలెయ్యాలి. పొద్దున నేనే చదివాను."