లోపలి పిడి

కుముదిని గీసిన తాళం మూడు వేళ్ల వెడల్పు మించదు. భిలాయ్‌లో ఒక చిన్న తాళాల కార్ఖానాలో ఆమె పన్నెండేళ్లు డిజైనర్‌గా పనిచేసింది. ఆమె తాళాలు ఇళ్లకు కాదు, కరెంటు ప్యానెళ్లకూ సిగ్నల్ పెట్టెలకూ ఫోన్ టవర్ల కింద నిలబెట్టే ఇనుప క్యాబినెట్లకూ. ఆ తలుపుల అంచు సన్నగా ఉంటుంది. తాళం అందులో ఇమిడిపోవాలి. ఎండకూ వానకూ ఈ ఊరి ఎర్ర దుమ్ముకూ తట్టుకుని పదేళ్లు పనిచెయ్యాలి.

రెండేళ్ల కిందట టవర్ల కంపెనీ ఒకటి బ్యాటరీ క్యాబినెట్ల కోసం నూట నలభై తాళాలు అడిగింది. తలుపు నెడితే చాలు, గడియ దానంతట అదే పడిపోవాలన్నారు. తాళం వెయ్యడం మరిచిపోయే పనివాళ్లతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు. కుముదిని అలాగే గీసింది. లోపలివైపు మాత్రం ఒక చిన్న పిడి పెట్టింది. దాన్ని తిప్పితే గడియ వెనక్కి వెళ్తుంది.

మొదట పది బిగించారు. రెండు నెలలు తిరక్కుండానే దొంగలు గాలి సందుల్లోంచి తీగ దూర్చి, ఆ పిడినే తిప్పి, రెండు చోట్ల బ్యాటరీలు ఎత్తుకుపోయారు.

యజమాని కొడుకు ఉమేష్ డ్రాయింగు తెచ్చి ఆమె బల్ల మీద పరిచాడు. "దీదీ, ఈ పిడి తీసెయ్యండి."

"లోపల మనిషి ఉండిపోతేనో?"

"లోపల ఎవరుంటారు? డబ్బా హై, కమరా నహీ. అది పెట్టె, గది కాదు. బయట నిలబడే పని చేసుకుంటారు."

కుముదిని ఆ క్యాబినెట్‌ను కళ్లతో చూడలేదు. ఆమె ముందున్నవి తలుపు కొలతలే. పిడి తీసేసింది. గడియ మీద తీగ కాదు కదా, వేలు కూడా పడకుండా ఉక్కు తొడుగు వేసింది. డ్రిల్లు దిగని పలక ఒకటి ముందు కూర్చింది. తలుపు యాభై వేల సార్లు మూసి తెరిచారు. ఉప్పునీటి ఆవిరిలో ఉంచారు. చివరికి ఇద్దరు మనుషులు గునపంతో అరగంట పెనుగులాడారు. తాళం కదల్లేదు. తన చేతి నుంచి ఇంత గట్టి వస్తువు ఎప్పుడూ రాలేదని ఆ రోజు ఆమె పొంగిపోయింది. పాత పదీ మార్చి, మొత్తం నూట నలభై తలుపులకూ ఈ కొత్త తాళమే బిగించారు.

ఫిబ్రవరిలో బిగింపు ఎలా ఉందో చూడడానికి ఊరి శివారున ఉన్న మరోదాకు వెళ్లింది. రైలు పట్టాల పక్కన ఆరు క్యాబినెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషి కంటే ఎత్తు, లోతు రెండు బారలు. వాటిని చూసుకునే టెక్నీషియన్ దేవానందం, ఖుర్సీపార్ బస్తీ మనిషి, యాభై అయిదేళ్ల వాడు, తలుపు తెరిచాడు. లోపల నేల మీది దుమ్ములో బూట్ల గుర్తులు వెనక గోడ దాకా ఉన్నాయి.

ఆమె వంగి వాటిని చూసింది. "లోపలికి వెళ్తారా బాబాయ్?"

"ఎల్లకపోతే ఎలాగమ్మా? ఎనకాల వరస బ్యాటరీలకి చెయ్యందదు కదా. తలుపుకి ఇటుక అడ్డం పెడతాన్లే." నవ్వి, గొంతు తగ్గించాడు. "ఒక మాట సెప్పనా? ఈ తలుపు నాకు నచ్చలేదమ్మా. అటు తిరిగితే సాలు, వచ్చి మూసుకుపోదావని సూస్తాది."

తిరిగొచ్చి ఉమేష్‌కు చెప్పింది. 'లోపలికి వెళ్లరాదు' అని స్టిక్కరు అంటిద్దామన్నాడు. ఆమె కొత్త పిడి గీసింది. అరచేత్తో నొక్కితే పనిచేస్తుంది, పైన గొడుగులా రేకు ఉంటుంది కాబట్టి తీగకు అందదు. వానలు వెళ్లాక చూద్దామన్నాడు ఉమేష్. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. కార్ఖానాలో పరీక్ష బల్ల మీద గడియ టక్కుమని పడినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. చివరికి ఖుర్సీపార్‌లో ఒక లేత్ షాపులో తనే ఒక పిడి చేయించుకుంది.

మే నెల రెండో వారంలో అది చేతికొచ్చింది. ఒక క్యాబినెట్‌కు బిగించి చూద్దామని మధ్యాహ్నం దేవానందానికి ఫోను చేసింది. ఎత్తలేదు. పావుగంట తర్వాత చేసింది. మళ్లీ చేసింది. ఎప్పుడూ రెండో రింగుకే ఎత్తే మనిషి.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. మొహానికి చున్నీ చుట్టుకుని స్కూటీ తీసింది. వడగాలి రోడ్డు మీద దుమ్మును అడ్డంగా ఊడుస్తోంది. దారిలో మనుషులే లేరు.

దేవానందం మోపెడ్ వేపచెట్టు కింద ఉంది. ఆమె మళ్లీ నంబరు నొక్కింది. మోపెడ్‌కు తగిలించిన సంచిలోంచి ఫోను మోగింది.

ఆరు తలుపులూ మూసే ఉన్నాయి. నాలుగో దాని ముందు ఇటుక రెండు ముక్కలై పడి ఉంది.

"బాబాయ్!" అని అరిచి తలుపు మీద కొట్టింది. ఇనుము అరచేతిని కాల్చింది. గాలి సందుకు కళ్లు ఆనించి చూస్తే వెనక గోడకు చేరగిలబడి కూర్చున్న కాళ్లు కనిపించాయి. సందుల్లోంచి పొయ్యి మూత తీసినట్టు వేడి కొడుతోంది.

తాళంచెవి లోపల, అతని దగ్గరే ఉంది. లోపలివైపు చెవి దూర్చే చోటు లేదు. ఈ తాళాన్ని బయటి నుంచి ఎలా విరగ్గొట్టాలో లోకంలో ఎవరికైనా తెలియాలంటే తనకే తెలియాలి. విరిగే చోటు ఒక్కటీ లేకుండా చేసింది కూడా తనే.

"బాబాయ్, నేను కుముదినిని. తాళంచెవి ఈ సందులోంచి ఇవ్వండి."

కాళ్లు కదల్లేదు. కాసేపటికి మాట వచ్చింది, ముద్దముద్దగా. "ఫ్లోరా... కిటికీ తియ్యే. ఉక్కపోస్తంది."

ఫ్లోరా అతని భార్య. కుముదిని మరో రెండుసార్లు తన పేరు చెప్పింది. అతను వినిపించుకోలేదు. అప్పుడు ఆమె గొంతు మార్చింది.

"నేను ఫ్లోరానే. ఇంటికి తాళం పడిపోనాది. నేను బయట ఉండిపోనాను. సెవి ఇటియ్యి."

"బయటున్నావా?"

"అవును, ఎండలో ఉన్నాను. బేగి ఇయ్యి."

"ఎండలో నిలబడిపోనావేటే..." అంటూ అతను నేల మీద పాకడం మొదలుపెట్టాడు. రెండు బారల దూరానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఆగినప్పుడల్లా ఆమె ఎండ ఎండ అని ఏడుస్తూ పిలిచింది. చివరికి సందులోంచి రెండు వేళ్లు బయటికొచ్చాయి. తాళంచెవి ఆమె కాళ్ల దగ్గర పడింది.

తలుపు తియ్యగానే అతను ఆమె మీదికి ఒరిగాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. పట్టాల మీద దూరంగా పనిచేస్తున్న గ్యాంగు మనుషులు ఆమె కేక విని పరిగెత్తుకొచ్చారు. నీళ్లు గుమ్మరించి, ఆటోలో ఆసుపత్రికి చేర్చారు.

దేవానందం పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. కానీ మాట నత్తిగా మారిపోయింది. అడుగు వేస్తే అనుకున్న చోట పడడం లేదు. మళ్లీ పనికి వెళ్లలేడని డాక్టర్లు చెప్పేశారు.

ఆ వారంలోనే ఉమేష్ ఒక డ్రాయింగు తెచ్చాడు. పాతదే. మూలన కొత్తగా ఒక గమనిక చేరింది, మనుషులు లోపలికి ప్రవేశించరాదని. దాని కింద మాత్రం తాళం గీసిన నాటి పాత తారీఖే.

"ఇక్కడ సంతకం పెట్టండి దీదీ. మీకూ మంచిదే."

ఆమె పెట్టలేదు. ఆ సాయంత్రం ఖుర్సీపార్ వెళ్లి ఫ్లోరా ఎదురుగా కూర్చుంది.

"లోపలికి పిడి ఉండేది. నేనే తీసేశాను."

ఫ్లోరా ఆమె వైపు తిరిగింది. "తీసినప్పుడు తెల్దా మీకు?"

"అడిగాను. లోపల ఎవరూ ఉండరన్నారు. వెళ్లి చూసుకోలేదు."

లోపలి గదిలో దేవానందం ఏదో అడుగుతున్నాడు. ఫ్లోరా లేచి అటు నడుస్తూ గుమ్మంలో ఆగింది. "ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయేటి?"

కుముదిని టవర్ల కంపెనీకి జరిగినదంతా రాసి, కింద తన పేరు పెట్టింది. కార్ఖానా ఆమెను పనిలోంచి తీసేసింది. కంపెనీ మాత్రం కొత్త పిడులు బిగించడం మొదలుపెట్టింది. నూట ఇరవై తొమ్మిది దొరికాయి. మిగిలిన పదకొండు క్యాబినెట్లను ఒక కాంట్రాక్టరు వేరే ఊళ్లకు తరలించాడు. అవి ఎక్కడున్నాయో కాగితాల్లో లేదు.

ఇప్పుడు మళ్లీ మే నెల వచ్చింది. సెక్టర్ 2లోని ఇంట్లో కూర్చుని ఆమె రోజూ నంబర్లు తిప్పుతోంది. నిన్న రాయగఢ్ వైపు నుంచి ఒకతను, అలాంటివి రెండు తమ దగ్గర ఉన్నాయన్నాడు.

"ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఏమో, చూసొస్తా," అని ఫోను బల్ల మీద పెట్టి వెళ్లాడు. అక్కడి ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆమె లేచి నిలబడి వింది. చాలాసేపటికి అతను తిరిగొచ్చాడు.

"ఎవరూ లేరు మేడమ్, ఖాళీయే."

ఆమె చిరునామా రాసుకుంది. ఇంకా తొమ్మిది మిగిలాయి. తర్వాతి నంబరు తిప్పింది.