పదో చప్పుడు

తొమ్మిదే. కాదు, పదేనేమో. ఏడో చప్పుడుకు కాకులు లేచాయి, అంతవరకు గట్టిగా గుర్తుంది. వాటి మీదికి చూపు పోయిన క్షణంలో ఒకటి పేలిందా? చెవి విన్నదాన్ని మనసు దాచేస్తుందా, లేక విననిదాన్ని విన్నట్టు నమ్మిస్తుందా?

మారెన్న క్వారీ అంచున నిలబడి, కింద గుంతలో పొగ చెదరడం చూస్తున్నాడు. పొద్దున రాతిలో పది రంధ్రాలు వేయించి, పదింటిలోనూ మందు తనే కూరాడు. ఇక్కడ పేల్చే లైసెన్సు అతనొక్కడికే ఉంది. పది చప్పుళ్లూ లెక్క తేలాకే అతను విజిల్ ఊదాలి. అది విన్నాకే కూలీలు గుంతలోకి దిగాలి. పేలని మందు రాళ్ల కింద మిగిలిపోతే, దాని మీద ఒక్క గడ్డపార పోటు చాలు.

"ఏమప్పా మారెన్నా, విజిల్ గానీ మింగినావా?" కూలీల ముందు నిలబడి అడిగింది రామేశ్వరమ్మ. అందరూ నవ్వారు. "ఎండ నెత్తికెక్కుతాండాది. పదీ పేలినాయి, మేమంతా ఇన్న్యాం."

"లెక్కబెట్టినావాక్కా?"

"లెక్కేందబ్బా, శానా పేలినాయి!"

మేనేజరు హర్షవర్ధన్ జీపు దిగి వచ్చాడు. "లెక్కలో ఒకటి తగ్గిందా? రెండు కలిసి పేలింటాయిలే మారెన్నా. లారీలు నిలబడిపోయినాయి. ఊదు."

ఆ మాట వినగానే మారెన్న చెవిలో నిజంగానే ఒక జంట చప్పుడు మోగింది, ఎనిమిదో చోట, మెత్తగా. ఇందాక లేనిది. అదే అతన్ని భయపెట్టింది. ఇంకో ఇద్దరు చెబితే పన్నెండు కూడా వినిపిస్తాయి. పని నేర్పిన చిన్న ఈరన్న ఎప్పుడూ ఒకటే అనేవాడు: "లెక్క మీద అనుమానమొస్తే పేలల్యాదనే అనుకోవాల. దిగి చూసేది మనం, కూలోళ్లు కాదు."

"తొమ్మిదే సార్. గంటాగి నేనే చూసొస్తా. అంతదాంక ఎవురూ దిగేది ల్యా."

"క్వారీ నీదా, నాదా? రేపట్నుంచి నీకీడ పని ల్యా. ఇటియ్యి ఆ విజిల్."

మారెన్న ఇచ్చేశాడు. హర్షవర్ధన్ ఊదాడు. పొడుగ్గా, బాగానే ఊదాడు.

కూలీలు గడ్డపారలెత్తుకుని కదిలారు. ముందు రామేశ్వరమ్మ. గుంతలోకి దిగే బాట ఒక్క మనిషి పట్టేంత. అడ్డంగా నిలబడితే పక్కకు నెట్టేస్తారు. అరిస్తే నవ్వుతారు. పడుకున్న మనిషిని మాత్రం ఈ ఊళ్లలో ఎవరూ దాటరు.

మారెన్న తలగుడ్డ విప్పి చుట్టచుట్టి నేల మీద పెట్టాడు. దాని మీద తల ఆన్చి, బాటకు అడ్డంగా పడుకున్నాడు.