చౌడేశ్వరి కొలత

పాత బండి పాత బండిలాగే ఉండాలి. గోరంట్ల రోడ్డులో నా షెడ్డుకు వచ్చే ప్రతివాడికీ ఈ మాటే చెబుతాను, వినకపోతే తిడతాను. హిందూపురం ప్రతాప్ తన అంబాసిడర్‌కు నీలం లైట్లు పెట్టమంటే, "దానికేమన్నా పెండ్లా? తీసుకోని పో" అని తరిమేశాను.

ఆ కసి వాడు మొన్న తీర్చుకున్నాడు. పాత కార్లవాళ్లంతా కలిసి లేపాక్షికి పోతున్నారట, నా ఫియట్‌ను కూడా తెమ్మని పిలవడానికి వచ్చి, డోరు తెరిచి లోపలికి తొంగిచూశాడు.

"ఏమన్నా, పెడళ్లకు ఈ ఇనుప దిమ్మెలేంది? సీటు సూస్తే ఇంత ఎత్తుండాది. కంపెనీవోడు ఇట్లనే ఇచ్చినాడా? ఊరందరికీ నీతులు చెప్తావే!"

ఆ దిమ్మెలు వెల్డింగ్ చేసింది నేనే. నా భార్య చౌడేశ్వరి పొట్టిది. కారు నేర్చుకుంటానని పంతం పట్టింది గానీ కాలు అందలేదు, అందేలా చేసిచ్చాను. ఆనాటి నుంచి పక్కసీటు నాదైపోయింది. సంతకైనా, కదిరి తేరుకైనా ఆమే నడిపేది. గేరు సరిగా వేయలేదని గొణిగితే, దిగి నడిచి రమ్మనేది.

ఆమె పోయి రెండేళ్లయింది. నేను కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగులుతాయి. దిమ్మెలు తీద్దామంటే చేతులు రావు. రోజూ బండి స్టార్టు చేసి, కాసేపు పక్కసీట్లో కూర్చుని ఆపేస్తాను. పలకరించే మనిషి లేని ఇంట్లో ఆ ఇంజను చప్పుడే నాకు తోడు.

అంతలో కారు నేర్పమని సర్కారు ఆసుపత్రి నర్సు రేఖ వచ్చింది. "నడిపేది కొంచెం వచ్చన్నా. చెయ్యి తిరగల్ల, అంతే" అంది. మనిషి సరిగ్గా చౌడేశ్వరి ఎత్తే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదీ కోయకుండానే బండి లేపాక్షికి పోతుంది, నేను పక్కన కూర్చుంటాను అనుకున్నాను.

"కాలు అందుతాందామ్మా?"

"బాగా అందుతాందన్నా. నాకోసమే చేసినట్టుండాది."

కదిరి రోడ్డెక్కాం. అటూ ఇటూ వానలేక మాడిన వేరుశనగ చేలు. ఆ పిల్ల నెమ్మదిగా, పద్ధతిగా నడుపుతోంది. నేనే బిగుసుకుపోయాను. కాళ్లు అక్కడే ఆనాయి, చేతులు అక్కడే ఉన్నాయి, మనిషి మాత్రం ఆమె కాదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా నాకంత దిక్కులేనితనం తెలియలేదు.

"నిలుపమ్మా."

"ఏం తప్పు చేసినానన్నా?"

"నీ తప్పేం లేదు తల్లీ. బాగా నడిపినావు. ఇంటికి పోదాం పా."

మరునాడు గ్రైండరు పట్టి దిమ్మెలు కోసేశాను. పెడళ్లు సానపెట్టి, సీటు దించాను. కోస్తున్నంతసేపూ ఏడ్చాను.

లేపాక్షిలో జనం బండి చుట్టూ మూగారు. ప్రతాప్ మళ్లీ లోపలికి తల పెట్టి, "వంక పెట్టనీకి లేదన్నా. కంపెనీ నుంచి ఇప్పుడే దించినట్టుండాది" అని భుజం తట్టాడు.

నిజమే. దారంతా నేనే నడిపాను, మోకాలు ఎక్కడా తగల్లేదు. ఇప్పుడు చౌడేశ్వరే వచ్చి ఎక్కినా, కాలు అందదు.